కీబోర్డుతో మొదటి అడుగులు – 4: అయిదు నల్లమెట్లతో సొంత బాణీ

పోయిన పాఠంలో నాలుగు దెబ్బల లెక్క తప్పకుండా చేత్తో దరువు వెయ్యడం చూశాం. అది ఇంకా కుదరకపోయినా ఇవాళ్టి పాఠం ఆపక్కర్లేదు. సొంత బాణీ చేతిలో ఉంటే లెక్క పట్టుకోవడం తేలికవుతుంది.

అప్పుడే బాణీ కట్టడమా అని కంగారు పడకండి. వాయించడం బాగా వచ్చాక రాద్దాంలే అని కూర్చున్నవాళ్ళకి ఆ 'బాగా' ఎప్పటికీ రాదు. నేనూ అలా చాలాకాలం కూర్చున్నవాణ్ణే.

నల్లమెట్లు చూడండి. రెండు, మూడు, రెండు, మూడు అంటూ గుంపులుగా ఉంటాయి. మూడున్న గుంపులో ఎడమ చివరిది స అనుకోండి. ఆ మూడూ స రి గ. వాటికి కుడివైపు వచ్చే రెండూ ప ద. కుడిచేతి బొటనవేలు స మీద, చిటికెనవేలు ద మీద వచ్చేలా వేలికొక మెట్టు ఇవ్వండి. గ కీ ప కీ మధ్య ఎడం కాస్త ఎక్కువ. వేళ్ళు అందకపోతే బిగబట్టి చాపొద్దు, చెయ్యి మొత్తాన్ని కొద్దిగా జరపండి.

ఇవి మోహన రాగం స్వరాలే. నల్లవీ తెల్లవీ కలిపి లెక్కిస్తే, వీటిలో ఏ రెండు స్వరాలూ పక్కపక్క మెట్ల మీద లేవు, మధ్యలో కనీసం ఒకటి ఖాళీ ఉంటుంది. అందుకే కళ్ళు మూసుకుని నొక్కినా చెవికి గుచ్చుకోదు. ఎడమచేత్తో కింది స్థాయి స (ఎడమవైపు పక్కనే వచ్చే మూడింటి గుంపులో మొదటిది) నొక్కి పట్టుకుంటే శ్రుతి కూడా ఉన్నట్టే.

కానీ అలా తోచినట్టు నొక్కుతూ పోతే రెండు నిమిషాల్లో బోరు కొడుతుంది. ఒక్క ముక్కా గుర్తుండదు. బాణీ అనిపించాలంటే అన్నమాటే మళ్ళీ అనాలి, రెండోసారి ముగింపు మార్చాలి. ఇది వాయించి చూడండి. ఒక్కో అక్షరం ఒక దెబ్బ, కామా ఉన్నచోట ముందు స్వరాన్నే ఇంకో దెబ్బ సాగదీయాలి.

గ ప ద ప | గ , రి , |
గ ప ద ప | గ రి స , |

మొదటి వరస రి దగ్గర ఆగింది. ఏదో అడిగి మన మొహం వంక చూస్తున్నట్టుంది కదూ? రెండో వరస స మీదకి దిగి జవాబు చెప్పేసింది. మెట్రోనోమ్ (లెక్క తప్పకుండా టిక్కుటిక్కుమనే సాధనం) 60లో, అంటే నిమిషానికి 60 దెబ్బల వేగంలో పెడితే ఈ మొత్తం 16 సెకన్లు. అంతే, ఒక బాణీ!

ఇప్పుడు స్వరాలు ముట్టుకోకుండా మొదటి వరసలో నిడివి మాత్రం మార్చండి.

గ , , ప | ద ప గ రి |

అవే ఆరు స్వరాలు, అవే ఎనిమిది దెబ్బలు. నడక మాత్రం వేరు. కొత్తగా రాసేవాళ్ళు బాణీ నచ్చకపోతే వెంటనే స్వరాలు మార్చేస్తారు. నన్నడిగితే ముందు నిడివి కదిపి చూడాలి. సగం సందర్భాల్లో అక్కడే పని అయిపోతుంది.

వాయించేటప్పుడు చాలామంది తడబడేది ప నుంచి గ రి లోకి దిగేచోట. తప్పు పడగానే మళ్ళీ మొదటికి వెళ్ళకండి. అలా చేస్తే మొదటి నాలుగు స్వరాలూ అద్దంలా వస్తాయి, తప్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. 'ప గ రి' ఒక్కటే పట్టుకుని మెల్లగా తిప్పండి. వరసగా మూడుసార్లు శుభ్రంగా వస్తే వేగం 60 నుంచి 64కి పెంచండి. నాలుగోసారి చెడిందా, 60కే రండి. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇంకొకటి. తోచిన బాణీని అప్పటికప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఒకసారి అర్ధరాత్రి తోచిన బాణీని కూనిరాగంగా రికార్డు చేసి, హాయిగా పడుకున్నాను. పొద్దున వింటే ఎక్కడ స అనుకున్నానో నాకే అంతుపట్టలేదు! అప్పటినుంచి ముందు స మెట్టు నొక్కి వినిపించి, ఆ తర్వాతే కూనిరాగం తీస్తున్నాను.

ఈ వారం పని: మొదటి 'గ ప ద ప' అలాగే ఉంచి, దాని వెనక నాలుగు దెబ్బల ముగింపులు నాలుగు రాయండి. రెండు స మీద ఆగాలి, రెండు ఆగకూడదు. కాగితం మీద స్వరాలు, కామాలు వేసుకోండి. మర్నాడు రికార్డు విని, వాటిలో ఒకటి కొట్టేయండి.

వచ్చే పాఠంలో తెల్లమెట్ల మీదకి దిగి మ, ని కలుపుకుందాం. అక్కడ తప్పులు బాగానే వినిపిస్తాయి.