బైక్ మెకానిక్ ఎలక్ట్రిక్ బండ్ల పని ఎలా నేర్చుకోవాలి?

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధన వచ్చాక చాలా కొత్త బైకుల్లో కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్లో ఏకంగా ఇంజనే లేదు. ఆయిల్ మార్చడం, ప్లగ్గు, క్లచ్ ప్లేట్లు... రోజూ చేతికి డబ్బులిచ్చే పనులన్నీ పోయాయి. అలాగని షెడ్డు మూసేసి కోర్సుకు పరిగెత్తక్కర్లేదు. షెడ్డు నడుపుకుంటూనే ఈ వరుసలో నేర్చుకోండి.

1. వచ్చిన పనితో మొదలుపెట్టండి

బ్రేకులు, టైర్లు, ఫోర్కులు, బేరింగులు ఈవీకీ (ఎలక్ట్రిక్ బండికీ) ఉంటాయి. కాబట్టి ఈవీ వస్తే వెనక్కి పంపకండి. ఒక్క జాగ్రత్త: చాలా బండ్లలో మోటార్ వెనక చక్రంలోనే ఉంటుంది, దాని వైర్లు యాక్సిల్‌లోంచి బయటికి వస్తాయి. చక్రం విప్పేముందు కప్లర్ తీయండి, బిగించేటప్పుడు వైర్లు నలగకుండా చూడండి. యాక్సిల్ నట్టు వదులైతే యాక్సిలే తిరిగి వైర్లు తెగిపోతాయి. పంక్చర్ పనికి పోయి మోటార్ పాడుచేసిన పేరు మనకెందుకు?

2. మల్టీమీటర్ చేతికి అలవాటు చేసుకోండి

నన్నడిగితే సగం చదువు ఇదే. టెస్ట్ ల్యాంపుతో కరెంటు ఉందో లేదో తెలుస్తుంది కానీ ఎంత ఉందో తెలియదు. ముందు పెట్రోలు బండి 12 వోల్టుల బ్యాటరీ మీద, హారన్ వైరింగ్ మీద డీసీ వోల్టేజీ, కంటిన్యుటీ (వైరు ఎక్కడా తెగలేదని) చూడటం సాధన చేయండి. ఆ తర్వాత ఈవీ లెక్క. 48 వోల్టుల లిథియం ప్యాక్‌లో సాధారణంగా 3.7 వోల్టుల సెల్స్ 13 వరసగా ఉంటాయి. ఒక్కోటి నిండితే 4.2, అంటే మొత్తం 54.6 వోల్టులు. చార్జర్‌లో పచ్చలైటు వెలిగినా ప్యాక్ అక్కడికి బాగా తక్కువలో ఆగిపోతే తప్పు చార్జర్‌లోనో ప్యాక్‌లోనో ఉన్నట్టు.

3. బండి కదలకపోతే వరసగా చూడండి

మొదట బ్యాటరీ వోల్టేజీ. తర్వాత బ్రేక్ లివర్ స్విచ్చి. అది ఇరుక్కుంటే మోటార్‌కి కరెంటు వెళ్లదు. ఆపైన థ్రాటిల్: తిప్పుతుంటే సిగ్నల్ వైరులో సుమారు 1 వోల్టు నుంచి 4 దాకా పెరగాలి. చివరికి మోటార్ ఏ స్థానంలో ఉందో చెప్పే హాల్ సెన్సర్లు: చక్రాన్ని మెల్లగా తిప్పితే మూడు సిగ్నల్ వైర్లలోనూ వోల్టేజీ సున్నాకీ దాదాపు 5కీ మధ్య మారుతుండాలి. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే మోటార్‌కి కరెంటు పంపే కంట్రోలర్‌ని అనుమానించండి. ముందే కంట్రోలర్ మార్చేస్తే కస్టమర్ జేబుకు చిల్లు.

4. బ్యాటరీ ప్యాక్ విప్పకండి

ఇది మాత్రం కచ్చితం. పని మొదలుపెట్టేముందు ఉంగరం, వాచీ తీసేయండి, ఎంసీబీ (బ్యాటరీ కరెంటును ఆపే స్విచ్చి) ఆపి బ్యాటరీ కప్లర్ ఊడదీయండి. ఆ తర్వాత కూడా కంట్రోలర్‌లోని కెపాసిటర్లలో కాసేపు చార్జి నిలిచి ఉంటుంది. ఉబ్బిన ప్యాక్ వస్తే చార్జింగ్ పెట్టొద్దు, షెడ్డులో ఉంచొద్దు. వారంటీ ఉన్న ప్యాక్ సీలు తీస్తే కస్టమర్‌కి ఆ వారంటీ పోతుంది.

5. అప్పుడు కోర్సు

ఐటీఐల్లో ‘మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్’ ట్రేడ్ ఉంది. తెలంగాణలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు స్కిల్ ఇండియా డిజిటల్ హబ్‌లోనూ వెతకండి. ప్రైవేటు సంస్థకు ఫీజు కట్టేముందు రెండు ప్రశ్నలు వేయండి: ఒక్క బండికి ఎంతమంది విద్యార్థులు? సర్టిఫికెట్‌కు ఎన్‌సీవీఈటీ (వృత్తి శిక్షణను నియంత్రించే కేంద్ర సంస్థ) గుర్తింపు ఉందా? తెర మీద బొమ్మలు చూపించి పంపేచోట డబ్బు పోయడం దండగ.

6. ఏ బండ్లు పట్టుకోవాలి?

పెద్ద కంపెనీల బండ్లలో కొన్ని లోపాలు వాళ్ల సాఫ్ట్‌వేర్‌తోనే తెలుస్తాయి. గంటకు 25 కిలోమీటర్లు దాటని, రిజిస్ట్రేషన్ అక్కర్లేని చిన్న స్కూటర్లతో మొదలుపెట్టండి. వాటిలో వైరింగ్ సులువు. ఇక చెకింగ్ చార్జి ముందే చెప్పండి, బోర్డు మీద రాయండి. చేతికి నూనె అంటని పనికి డబ్బులేంటని అడిగేవాళ్లు తప్పకుండా వస్తారు.