కొండదారి పట్టేముందు: చేతి జీపీఎస్ ఎంపికలో జాగ్రత్తలు

ట్రెక్కింగ్ సీజన్‌కు జీపీఎస్ రిసీవర్ కొనాలనుకుంటే నెల ముందే కొనండి. బయల్దేరే ముందురోజు కొన్నదాని కంటే అసలు లేకపోవడమే నయం. చేతిలో జీపీఎస్ ఉందన్న ధైర్యంతో కాగితం మ్యాపు, దిక్సూచి ఇంట్లోనే వదిలేస్తారు. తీరా అడవిలోకి వెళ్లాక ఏ బటన్ నొక్కాలో తెలియదు.

ఫోన్‌లోనే జీపీఎస్ ఉందిగా అంటారా? ఉంది. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్‌వర్క్ లేకపోయినా పనిచేస్తుంది. కానీ వానలో తడిసిన టచ్‌స్క్రీన్ వేలి మాట వినదు, చలికి ఛార్జింగ్ ఉన్నట్టుండి పడిపోతుంది. పైగా ఆపదలో సాయం కోసం కాల్ చేయాల్సిందీ అదే ఫోన్‌తో. దారి చూసుకునే పని వేరే పరికరానికి అప్పగించడం అందుకే.

ఆ పరికరం చేయాల్సిన పనులు మూడే. ఉన్నచోటును గుర్తుపెట్టుకోవాలి (వేపాయింట్), నడిచిన దారిని రికార్డు చేయాలి (ట్రాక్), అదే దారిన వెనక్కి నడిపించాలి. కెమెరా, పాటలు, ఫోన్ నోటిఫికేషన్లు ఉన్న మోడల్ మోసుకెళ్లడం పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టే. టచ్‌స్క్రీన్ కంటే బటన్లున్నదే తీసుకోమంటాను. గ్లవ్స్ వేసుకుని ఒంటిచేత్తో వేపాయింట్ పెట్టగలిగితే అది మీకు సరిపోయే పరికరం.

బరువు దగ్గర చాలామంది సగం లెక్కే వేస్తారు. గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్ లాంటిది రెండు పెన్సిల్ సెల్స్‌తో (ఏఏ సైజు) కలిపి 140 గ్రాముల పైచిలుకు ఉంటుంది, కంపెనీ లెక్క ప్రకారం 25 గంటలు నడుస్తుంది. లోపలే బ్యాటరీ ఉన్న మోడల్ దానికంటే తేలిగ్గా కనిపించవచ్చు. కానీ నాలుగు రోజుల నడకకు దాని వెంట పవర్ బ్యాంకు, కేబుల్ కూడా మోయాలి. లిథియం పెన్సిల్ సెల్ ఒక్కొక్కటి 15 గ్రాములే, ఆల్కలైన్ సెల్ అయితే 23 గ్రాముల దాకా తూగుతుంది. గడ్డకట్టే చలిలో ఆల్కలైన్ నీరసపడిపోతుంది, లిథియం నిలబడుతుంది. సెల్స్ వేశాక మెనూలో వాటి రకం మార్చడం మరవద్దు. రీఛార్జబుల్ సెల్ వోల్టేజీ 1.2 మాత్రమే. సెట్టింగ్ ఆల్కలైన్‌లోనే ఉంటే బ్యాటరీ గీతలు తప్పు చూపిస్తాయి. సీజన్ అయ్యాక సెల్స్ తీసేసి దాచండి, లేకపోతే కారి లోపలి తీగల్ని తినేస్తాయి.

కొనేటప్పుడు తప్పనిసరిగా అడగాల్సింది, లోపల ఎలక్ట్రానిక్ దిక్సూచి ఉందా అని. 22ఎక్స్‌లో లేదు, అదే కంపెనీ 32ఎక్స్‌లో ఉంది. పొగమంచులో బాట రెండుగా చీలినచోట నిలబడ్డారనుకోండి. దిక్సూచి లేని రిసీవర్‌కు మీరు ఎటు తిరిగి నిలబడ్డారో తెలియదు. కొన్ని అడుగులు వేస్తేగానీ బాణం సరిగ్గా తిరగదు. ఈ సంగతి తెలిసి, చేతిలో మామూలు దిక్సూచి ఉంటే 22ఎక్స్ చాలు. ఎలక్ట్రానిక్ దిక్సూచి ఉన్నదాన్ని సెల్స్ మార్చిన ప్రతిసారీ కాలిబ్రేట్ చేయాలి, అంటే దిక్కులు సరిగ్గా చూపేలా మళ్లీ సరిచేయాలి.

తక్కువకు వస్తోందని పాతది కొంటున్నారా? తెరమీద అది చూపించే తేదీ సరైనదేనా చూడండి. జీపీఎస్ వ్యవస్థలో వారాల లెక్క 1,024కు చేరగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 2019 ఏప్రిల్‌లో అలా తిరిగినప్పుడు కొన్ని పాత రిసీవర్లు దాదాపు ఇరవై ఏళ్ల వెనకటి తేదీ చూపించడం మొదలుపెట్టాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దొరకని మోడల్ జోలికి పోవద్దు.

ఇక సెట్టింగులు. అక్షాంశాన్ని ఒకరు 30.50 నిమిషాలు అని చెబితే, దాన్ని 30 నిమిషాల 50 సెకన్లుగా ఎక్కించామనుకోండి. నిజానికి అది 30 నిమిషాల 30 సెకన్లు. ఆ 20 సెకన్ల తేడా నేలమీద 600 మీటర్లు దాటుతుంది. కొండల్లో 600 మీటర్లంటే పక్క లోయ! జట్టులో అందరూ ఒకే ఫార్మాట్ పెట్టుకోండి. కాగితం మ్యాపు పాతదైతే దాని అంచున రాసి ఉన్న డేటం (అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టిన ఆధారం పేరు) చూసి పరికరంలోనూ అదే ఎంచుకోండి.

కొత్తగా తెచ్చినా, చాలాకాలం తర్వాత తీసినా ఉపగ్రహాలను పట్టడానికి సమయం తీసుకుంటుంది. ఉపగ్రహాల పట్టిక మొత్తం ఆకాశం నుంచి దిగడానికే 12.5 నిమిషాలు పడుతుంది. అందుకని ఆకాశం బాగా కనిపించే చోట ఆన్ చేసి, స్థానం కుదిరాకే బయల్దేరి, మొదటి వేపాయింట్‌ను బండి ఆపినచోటే పెట్టండి. రిసీవర్‌ను ప్యాంటు జేబులో కాకుండా బ్యాగు భుజం పట్టీకి, తాడు కట్టి ఉంచండి. ఇరుకు లోయల్లో సిగ్నల్ రాతిగోడలకు తగిలి వస్తుంది కాబట్టి స్థానం పక్కకు దూకుతుంది. అక్కడ తెరను కాక బాటను నమ్మండి. గమ్యం వైపు చూపే బాణం నేరుగా గీసిన గీత మాత్రమే, మధ్యలో వాగుందో చరియ ఉందో దానికి తెలియదు.

చాలామంది పొరబడే విషయం ఇంకొకటి ఉంది. మామూలు జీపీఎస్ రిసీవర్ సంకేతాలు అందుకుంటుందే తప్ప పంపదు. మీరు దారి తప్పారని దాని ద్వారా ఎవరికీ తెలియదు. ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే శాటిలైట్ మెసెంజర్ గానీ, ఆపదలో సాయం కోరుతూ సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్ గానీ విడిగా ఉండాలి. శాటిలైట్ పరికరాలు వెంట ఉంచుకోవడానికి కొన్ని దేశాల్లో అనుమతి తీసుకోవాలి కాబట్టి ముందే కనుక్కోండి. వెళ్లే దారి, తిరిగొచ్చే సమయం ఇంట్లో ఒకరికి కాగితం మీద రాసివ్వండి. కిందికి దిగగానే వాళ్లకు ఫోన్ చేయండి, లేదంటే మీరు టీ తాగుతున్న సమయానికి మీకోసం గాలింపు మొదలవుతుంది.