సొంత లిపి తయారు చేస్తున్నారా? ముందు అచ్చుల సంగతి తేల్చుకోండి

సొంత లిపి తయారు చేసే సరదా ఉన్నవాళ్ళు ఎక్కువగా హల్లులతోనే మొదలుపెడతారు. క కి ఒక కొక్కెం, మ కి ఒక సున్నా అంటూ నోట్‌బుక్ నింపేసి, తీరా మాట రాద్దామని కూర్చునేసరికి అచ్చు ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోతారు. అచ్చు చోటు ముందే తేలితే హల్లులు దాన్నిబట్టి గీసుకోవచ్చు.

అన్నిటికన్నా తేలికైన దారి అచ్చుకి కూడా విడి అక్షరం పెట్టేయడం. సంతాలీ భాష కోసం రఘునాథ్ ముర్ము 1925లో తయారు చేసిన ఓల్ చికి లిపి అలాంటిదే, 30 అక్షరాల్లో 6 అచ్చులు. బుర్ర పెట్టే పనేం లేదు, రాత మాత్రం పొడుగవుతుంది.

ఇంకో దారి అక్షరాన్నే తిప్పడం. కెనడాలో క్రీ భాషకి జేమ్స్ ఎవాన్స్ 1840 ప్రాంతంలో చేసింది ఇదే: త్రికోణం మొన పైకుంటే ఇ, కిందికుంటే ఏ, కుడికైతే ఓ, ఎడమకైతే అ. హల్లులు కూడా ఇలాగే తిరుగుతాయి. చూడ్డానికి భలే ఉంటుంది గానీ, ఉన్నవి నాలుగు దిక్కులే, అచ్చులు ఎక్కువున్న భాషకి చాలవు, పైగా సున్నా లాంటి ఆకారాన్ని హల్లుగా వాడలేరు, ఎటు తిప్పినా అదే కదా.

కొరియా రాజు సెజోంగ్ 1443లో రూపొందించిన హంగుల్‌లో నిలువు గీత మీద కట్టిన అచ్చులు హల్లుకి కుడిపక్కన, అడ్డగీత మీద కట్టినవి హల్లు కింద వస్తాయి. అచ్చుతో మొదలైతే హల్లు చోట ఒక సున్నా పెడతారు, అక్కడ దానికి శబ్దం ఉండదు. ఈ చిట్కా మొహమాటపడకుండా కాపీ కొట్టేయండి.

ఇక మనకి అలవాటైన గుణింతం పద్ధతి. నా ఓటు దీనికే. ఇలా చేసి చూడండి: ప్రతి హల్లుకీ ఒక నిలువు కాడ ఉండాలి. గుర్తేమీ లేకపోతే అ. కాడ పైన చుక్క ఇ, కింద చుక్క ఉ, పైన రెండు చుక్కలు ఎ, కింద రెండు ఒ. దీర్ఘం కావాలంటే కాడ చివర కుడికి చిన్న తోక లాగండి. చుక్క, తోక, ఈ రెండింటితోనే పది అచ్చులు అయిపోయాయి. ఐ, ఔ లకి వేరే గుర్తులెందుకు, అయ్, అవ్ అని రాసుకుంటే సరిపోతుంది. అచ్చు లేని హల్లుకి కాడని అడ్డంగా కొట్టేయండి, అచ్చుతో మొదలయ్యే మాటకి ఉత్త కాడ వాడండి. అంటే 'ఇల్లు' రాయాలంటే పైన చుక్కతో ఉత్త కాడ, కాడ కొట్టేసిన ల, కింద చుక్కతో ఇంకో ల.

దీర్ఘానికి తోకే ఎందుకు, చుక్క బదులు పైన గీత పెడితే పోలా అని చాలామందికి అనిపిస్తుంది. పెన్ను పట్టి గబగబా రాస్తే రెండు చుక్కలు కలిసిపోయి గీతే అవుతుంది, అప్పుడు 'తెగ' కాస్తా 'తీగ' అయి కూర్చుంటుంది. స్క్రీన్ మీద గీసుకున్న లిపులన్నీ దెబ్బతినేది ఇక్కడే, అందుకే ప్రతి గుర్తునీ కాగితం మీద, వీలైనంత కంగారుగా, రాసి చూడండి.

పరీక్షకి ఈత, ఊరు, రైలు, అక్క, అయ్యో, బస్ లాంటి మాటలు తీసుకోండి, ఎందుకంటే మొదట్లో అచ్చు, ఒత్తు, చివర్లో పొల్లు అన్నీ వీటిలో తగులుతాయి. రాసిన కాగితం పక్కన పెట్టి కొన్నాళ్ళ తర్వాత చదవండి. ఎక్కడ తడబడ్డారో ఆ గుర్తు మార్చేసి, అప్పుడు హల్లుల బొమ్మలకి వెళ్ళండి. కాడ పైనా కిందా చుక్కలకి చోటు వదలడం, పై వరస ఉ కింది వరస ఇ అనిపించకుండా లైన్ల మధ్య కాస్త ఎడం ఇవ్వడం, ఈ రెండూ మర్చిపోకండి.