ఆట పాతబడినా అభిమాన బృందం చెదరకుండా చూసుకోవడం ఎలా

ఒక కంప్యూటర్ ఆట చుట్టూ ఆన్‌లైన్‌లో ఏర్పడిన అభిమాన బృందం ఎప్పుడో ఒకప్పుడు పలచబడక తప్పదు. కొత్త ఆటలు వస్తాయి, సభ్యుల జీవితాల్లో బాధ్యతలు పెరుగుతాయి, ఆటను తయారుచేసిన సంస్థ దృష్టి మరో ఆట మీదికి మళ్ళుతుంది. మనుషులు తగ్గడం బాధ కలిగించే విషయమే గాని, దానితోనే బృందం అంతరించిపోదు. కొద్దిమందితోనే ఏళ్ళ తరబడి నిండుగా సాగుతున్న బృందాలు ఉన్నాయి. వేలమంది సభ్యులు ఉండగానే, హోస్టింగ్ రుసుము (సైటును ఉంచిన సర్వర్‌కు అద్దె) కట్టే ఒక్క మనిషి కనిపించకుండా పోవడంతో కూడబెట్టుకున్నదంతా పోగొట్టుకున్న బృందాలూ ఉన్నాయి. బృందం మనుగడను నిర్ణయించేది సభ్యుల సంఖ్య కన్నా, ఆ బృందం సంపాదించుకున్న ఫైళ్ళూ అధికారాలూ జ్ఞానమూ ఎన్ని చేతుల్లో ఉన్నాయన్నదేనని నా గట్టి నమ్మకం. ఆ చేతుల సంఖ్యను పెంచడానికి ఏయే పనులు చేయాలో, వాటిలో ఏది ముందో ఇక్కడ వివరిస్తున్నాను.

బృందం దేనిమీద నిలబడింది?

పని మొదలుపెట్టే ముందు, సభ్యులు మీ ఆటను ఆడడంతో సరిపెట్టుకుంటున్నారా, లేక ఆటకు కొత్తగా ఏదైనా చేర్చగలుగుతున్నారా అన్నది తేల్చుకోండి. 1993 డిసెంబరు 10న విడుదలైన డూమ్ ఆటలో మ్యాపులు, బొమ్మలు, శబ్దాలు అన్నీ వాడ్ అనే ఫైళ్ళలో, ఆటను నడిపే ప్రోగ్రాముకు విడిగా ఉండేవి. ఆ ఏర్పాటు వల్ల కొద్ది నెలల్లోనే అభిమానులు ఎడిటర్లు రాసుకుని సొంత మ్యాపులు తయారుచేయసాగారు. 1997 చివర ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఆట సోర్స్ కోడ్‌ను (ప్రోగ్రామర్లు రాసిన మూల పాఠాన్ని) బయటపెట్టి, 1999లో దానిని, ఎవరైనా మార్చి పంచుకునే వీలిచ్చే జీపీఎల్ లైసెన్సు కిందికి మార్చింది కనుక, కొత్త ఆపరేటింగ్ సిస్టములు వచ్చినప్పుడల్లా అభిమానులే ఆటను వాటికి తగ్గట్టు మలచుకోగలిగారు. హాఫ్-లైఫ్ అనే ఆటకు మోడ్‌గా (అభిమానులు చేసే మార్పుచేర్పుగా) 1999లో మొదలైన కౌంటర్-స్ట్రైక్ మరుసటి ఏడాదికల్లా వాల్వ్ సంస్థ అమ్మే ఆటగా ఎదగడానికి కూడా ఇలాంటి వెసులుబాటే కారణం. మోడ్‌లకు, మ్యాపులకు తావున్న ఆట అయితే మీరు కాపాడవలసిన మొదటి ఆస్తి సభ్యుల సృష్టి; అధికారిక సర్వర్ లేకుండా అడుగు కదలని ఆట అయితే ముందుగా చూసుకోవలసింది ఆ సర్వర్ సంగతి.

సభ్యులు తగ్గుతున్నారని గ్రహించగానే కంగారుపడకండి. విడుదలైన తొలి నెలల జోరు ఏ ఆటకూ నిలవదు. కొత్తగా వచ్చినవారు అడిగిన ప్రశ్నలకు వారాల తరబడి జవాబు రాకపోవడం, డౌన్‌లోడ్ లంకెలు ఒక్కొక్కటిగా పనిచేయకుండా పోవడం, అన్ని పనులకూ ఒకే సభ్యుడి పేరు వినిపించడం నిజమైన ప్రమాద సూచనలు. ఈ మూడింటిలో చివరిదానికే నేను ఎక్కువగా భయపడతాను, ఎందుకంటే ఆ సభ్యుడు చురుకుగా ఉన్నంతకాలం పైకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

అధికారాలను పంచుకోవడం

మొదట చేయవలసింది ఇదే, వాయిదా వేయకూడనిదీ ఇదే. డొమైన్ పేరు (సైటు చిరునామా) ఎవరి పేరున నమోదైంది, ఏ తేదీన గడువు తీరుతుంది, హోస్టింగ్ రుసుము ఎవరి కార్డు నుంచి వెళుతోంది, డేటాబేస్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది, డిస్కార్డ్ అనే సంభాషణ వేదికలో మీ సర్వర్‌కు యజమాని ఎవరు, వికీలో (సభ్యులే రాసి దిద్దే సమాచార పుటల్లో) నిర్వాహక హక్కులు ఎవరికి ఉన్నాయి అన్న వివరాలన్నీ ఒక పత్రంలో రాయండి. ప్రతి అంశానికీ ఎదురుగా కనీసం ఇద్దరి పేర్లు ఉండేలా చూడండి; ఆ ఇద్దరూ ఒకరికొకరు ఆన్‌లైన్‌లోనే కాక ఫోన్ ద్వారా కూడా అందుబాటులో ఉండాలి. డాట్ కామ్ వంటి డొమైన్ పేర్లను ఒకేసారి గరిష్ఠంగా 10 ఏళ్ళ వరకు నమోదు చేసుకోవచ్చు గనుక, బృందం దగ్గర డబ్బు ఉన్న రోజుల్లోనే దీర్ఘకాలానికి కట్టేయడం మంచిది. గడువు దాటిన డొమైన్‌ను వేరెవరో కొని ప్రకటనలతో నింపేసిన తరువాత పాత లంకెలన్నీ అక్కడికే దారితీస్తాయి, దాన్ని తిరిగి దక్కించుకోవడం చాలా కష్టం.

విరాళాలు సేకరిస్తున్నట్లయితే వచ్చినదీ ఖర్చయినదీ సభ్యులందరికీ కనబడేలా ప్రకటించండి. బృందం చిన్నదయ్యే కొద్దీ డబ్బు విషయంలో అనుమానాలు త్వరగా పుట్టుకొస్తాయి, అవి మొదలయ్యాక సర్దిచెప్పడం తేలిక కాదు.

బ్యాకప్‌ల విషయంలో కంప్యూటర్ నిపుణులు పాటించే 3-2-1 పద్ధతి ఇక్కడా సరిపోతుంది: మూడు ప్రతులు, రెండు రకాల నిల్వ సాధనాలు, వాటిలో ఒక ప్రతి వేరే చోట. అయితే ఒక్కసారైనా మరో కంప్యూటర్ మీద తిరిగి నెలకొల్పి చూడని బ్యాకప్‌ను బ్యాకప్‌గా లెక్కించకండి. చర్చావేదిక డేటాబేస్‌లో సభ్యుల ఈమెయిల్ చిరునామాలు, హ్యాష్ చేసిన (నేరుగా చదవలేని రూపంలోకి మార్చిన) పాస్‌వర్డులు, ప్రైవేటు సందేశాలు కూడా ఉంటాయి కనుక, సంపూర్ణ ప్రతిని నమ్మకమైన ఇద్దరు ముగ్గురి దగ్గర ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచి, బయటివారికి ఇచ్చే ప్రతిలో ఆ వివరాలన్నీ తొలగించాలి.

ఫైళ్ళను సేకరించడం

2017లో ఫోటోబకెట్ సంస్థ ఇతర సైట్లలో బొమ్మలు చూపించే సౌకర్యానికి ఏడాదికి 399 డాలర్ల రుసుము విధించినప్పుడు, అభిమానులు ఎంతో శ్రమపడి రాసిన బోధన పాఠాల్లోని బొమ్మలన్నీ రాత్రికి రాత్రే మాయమై, ఖాళీ చట్రాలు మిగిలాయి. అక్షరాలు ఒకచోట, బొమ్మలు మరొకరి దయ మీద ఆధారపడిన చోట ఉన్నందువల్ల వచ్చిన నష్టం అది. కాబట్టి మీ బృందంలోని లంకెలన్నింటినీ వరుసగా పరిశీలించి, బయటి సేవల్లో ఉన్న ప్రతి ఫైలునూ బృందం సొంత నిల్వలోకి తెచ్చుకోండి.

ఇప్పటికే పోయినవాటి కోసం పాత సభ్యులను పేరుపేరునా అడగండి. అందరికీ కలిపి ఒక ప్రకటన పెడితే స్పందన రావడం అరుదు. ఫలానా సంవత్సరంలో మీరు చేసిన ఫలానా మ్యాప్ మీ పాత హార్డ్ డిస్క్‌లో ఉందేమో చూడగలరా అని ఒక్కరికి రాస్తే, ఆ మనిషి అటక మీది కంప్యూటర్‌ను కూడా దించి వెతుకుతాడు. తన పనిని ఇంకా గుర్తుపెట్టుకున్నవారు ఉన్నారని తెలియడం ఎవరికైనా గొప్ప సంతోషం.

దొరికిన ఫైలును ఎలా దొరికిందో అలాగే ఉంచండి. జిప్ ఫైలును విప్పి మళ్ళీ కట్టడం, పేరు మార్చడం, అవసరం లేదనిపించిన రీడ్‌మీ పత్రాన్ని తీసివేయడం వంటివి చేయకూడదు, ఎందుకంటే లోపలి తేదీలూ రచయిత మాటలూ కూడా చరిత్రలో భాగమే. ప్రతి ఫైలుకూ షా-256 చెక్‌సమ్ (ఫైలులోని సమాచారం నుంచి వచ్చే, వేలిముద్ర వంటి సంకేతం) లెక్కించి పట్టికలో నమోదు చేస్తే, రెండు ప్రతులు ఒకటేనో కావో క్షణంలో తేలుతుంది, నిల్వలో పాడైన ఫైలూ బయటపడుతుంది. పట్టికలో రచయిత పేరు, విడుదల తేదీ, ఆట ఏ వెర్షన్‌కు పనిచేస్తుంది, ముందుగా ఏ మోడ్ ఉండాలి అన్న నాలుగు వివరాలు తప్పనిసరి. వెర్షన్ వివరం లేని మోడ్, దొరికినా ఎవరికీ పనికిరాని స్థితిలో ఉంటుంది.

అనుమతుల విషయంలో డూమ్ అభిమానుల పాత అలవాటు ఆదర్శంగా తీసుకోదగినది. తమ మ్యాప్‌తో పాటు జతచేసే పత్రంలో, దీని ఆధారంగా ఇతరులు కొత్త మ్యాపులు చేయవచ్చా లేదా అన్నది రచయితలే స్పష్టంగా రాసేవారు. మీ బృందంలో ఆ అలవాటు లేకపోతే, రచయితలు అందుబాటులో ఉండగానే అడిగి రాయించుకోండి. ఆటను మాత్రం ఈ నిల్వలో పెట్టకండి. దాని మీది హక్కు సంస్థది, ఒక్క ఫిర్యాదుతో మొత్తం సేకరణకే ముప్పు రావచ్చు.

తెలిసినవారు వెళ్ళిపోకముందే రాయించడం

డిస్కార్డ్ 2015లో వచ్చిన తరువాత చాలా బృందాల సంభాషణ అక్కడికే మారిపోయింది. కబుర్లకు అది హాయిగానే ఉంటుంది గాని, అక్కడ జరిగిన చర్చ సెర్చ్ ఇంజిన్లకు అందదు. ఫలానా లోపానికి పరిష్కారం ఎవరో చక్కగా వివరించినా, అది కొన్ని వేల సందేశాల కింద పూడుకుపోతుంది. వారానికి ఒకసారైనా ఎవరో ఒకరు అక్కడి పనికివచ్చే జవాబులను వికీలోకి ఎక్కించే ఏర్పాటు చేయండి. వికీని ఎక్కడ ఉంచాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. రూన్‌స్కేప్ వికీ 2018లోనూ, మైన్‌క్రాఫ్ట్ వికీ 2023లోనూ, వికీలకు చోటిచ్చే ఫ్యాండమ్ సంస్థ నుంచి విడిపోయి స్వతంత్ర స్థానాలకు తరలివెళ్ళాయి. పుటలన్నీ, ఇతరులు నకలు తీసుకుని వాడుకునే వీలిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉండడం వల్ల తరలింపు సాధ్యమైంది. అదే లైసెన్సు వల్ల పాత ప్రతి కూడా పాత చోటే మిగిలి, శోధన ఫలితాల్లో కొత్తదానికి పోటీగా నిలిచింది. అందుకే చిన్న బృందమైతే మొదటినుంచే సొంత డొమైన్ మీద వికీ నడుపుకోవడం మేలు.

సంస్థ సర్వర్ మూసేస్తున్నట్లు ప్రకటిస్తే

2014 మే 31న గేమ్‌స్పై మల్టీప్లేయర్ సేవలు ఆగిపోయినప్పుడు, ఆటగాళ్ళకు సర్వర్ల జాబితా అందించే కేంద్రమే లేకుండా పోయి ఎన్నో ఆటలు ఆన్‌లైన్‌లో మూగబోయాయి. సర్వర్ ప్రోగ్రామును ఆటగాళ్ళే నడుపుకోగలిగే ఆటలకు మాత్రం అభిమానులు ఆ జాబితా కేంద్రానికి బదులుగా సొంత కేంద్రం పెట్టుకుని, ఆటలోని చిరునామాను చిన్న ప్యాచ్‌తో (ప్రోగ్రాముకు చేసే సవరణతో) మార్చుకోగలిగారు. సర్వర్ ప్రోగ్రామ్ సంస్థ దగ్గరే ఉండే ఆటల విషయంలో పని చాలా కష్టం, గడువు మాత్రం మూసివేత తేదీ దాకానే. అధికారిక సర్వర్ బతికి ఉన్నంతవరకే, ఆటకూ సర్వర్‌కూ మధ్య సాగే నెట్‌వర్క్ సంభాషణను రికార్డు చేయడం సాధ్యమవుతుంది. తరువాత ఎవరైనా సర్వర్‌ను కొత్తగా రాయదలిస్తే ఆ రికార్డులే వారికి ఆధారం. కాబట్టి ప్రకటన వెలువడిన రోజునే నిరసనలతో పాటు ఈ పనినీ ఆరంభించండి. అయితే ఒప్పంద షరతులూ మీ దేశపు చట్టమూ దీనికి ఎంతవరకు ఒప్పుకుంటాయో ముందుగా చూసుకోండి.

సంస్థకు మర్యాదగా లేఖ రాసి అనుమతి అడగడాన్ని ఎప్పుడూ వదులుకోవద్దు. ఉరు (Uru) అనే ఆట ఆన్‌లైన్ భాగం 2004లో ఆగిపోయినప్పుడు, దాన్ని తయారుచేసిన సయాన్ సంస్థ అనుమతితో అభిమానులే సర్వర్లు నడిపారు. 2011లో ఆ సంస్థ ఇంజిన్ (ఆటను నడిపే ప్రోగ్రాము) సోర్స్ కోడ్‌ను కూడా విడుదల చేసింది. సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆన్‌లైన్ ఆట 2012 నవంబరు 30న మూతపడింది. కొందరు రహస్యంగా సర్వర్ నడుపుతున్నారన్న సంగతి 2019లో బయటపడి, బృందంలో తీవ్రమైన మనస్పర్థలకు దారితీసినా, హోమ్‌కమింగ్ అనే అభిమానుల సర్వర్‌కు 2024 జనవరిలో ఆ ఆట హక్కులున్న ఎన్‌సీసాఫ్ట్ సంస్థ అధికారికంగా లైసెన్సు ఇచ్చింది. అంటే మూసివేతకూ అనుమతికీ మధ్య 11 ఏళ్ళకు పైగా గడిచాయి. అంతకాలం ఫైళ్ళూ పరిచయాలూ నిలిచి ఉండడం వల్లనే ఆ అనుమతికి అర్థం ఉంది.

చిన్న బృందంగా కొనసాగడం

పాత జనాన్ని తిరిగి రప్పించాలన్న తాపత్రయంతో వేదిక మీద వేదిక మార్చకండి. ప్రతి తరలింపులోనూ కొందరు దారి తప్పిపోతారు. దానికి బదులు వారంలో ఒక రోజును, ఒక గంటను ఆటకోసం నిర్ణయించండి. ఎప్పుడో ఒకప్పుడు వస్తే ఎవరూ కనిపించని సర్వర్ కన్నా, నిర్ణీత వేళకు ఆరుగురు తప్పక ఉండే సర్వర్ ఎంతో నయం. ఏడాదికి ఒక చిన్న సామూహిక కార్యక్రమం పెట్టుకోండి. డూమ్ అభిమానులు 2004 నుంచి ఏటా ఉత్తమ మ్యాపులకు కాకోవార్డ్స్ పేరుతో ఇస్తున్న గుర్తింపు, కొత్త మ్యాపులు చేసేవారికి ఈనాటికీ ఒక గడువునూ ఉత్సాహాన్నీ ఇస్తోంది.

ఏదో ఒక రోజు వేదికను మూయక తప్పని స్థితి వస్తే, కనీసం మూడు నెలల ముందు తేదీ ప్రకటించి, ఎవరి రచనలు వారు తీసుకునే వీలు కల్పించండి. తరువాత కొత్త రాతలు ఆపేసి, పుటలన్నింటినీ డేటాబేస్ అవసరం లేని సాదా హెచ్‌టీఎంఎల్ పుటలుగా మార్చండి. అటువంటి పుటలకు భద్రతా ప్యాచ్‌లు దాదాపు అక్కర్లేదు, ఖర్చూ బహు స్వల్పం. పాత వెబ్ పుటల నకళ్ళు దాచే వేబ్యాక్ మెషీన్ మీదే పూర్తిగా ఆధారపడకండి, లాగిన్ అయితేగాని కనిపించని విభాగాలు దానికి చిక్కవు. ప్రైవేటు వివరాలు తీసివేసిన ప్రతిని, ఫైళ్ళ సేకరణను, చెక్‌సమ్ పట్టికను కలిపి వేబ్యాక్ మెషీన్‌ను నడిపే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు ఒక ప్రతిగా ఎక్కించి, ఆ లంకెను సభ్యులందరికీ పంపిన తరువాతనే సర్వర్ ఒప్పందాన్ని రద్దు చేయండి.