ఎర్త్ రెసిస్టెన్స్ తగ్గించే పద్ధతి

ఎర్తింగ్ సరిగా లేదని తెలియగానే చాలామంది లావుపాటి పైపు కొనడానికి సిద్ధపడతారు. నిజానికి లోహంలో ఉండే నిరోధం లెక్కలోకి రానంత తక్కువ. ఎర్త్ రెసిస్టెన్స్‌లో (నేలలోకి పారే కరెంటుకు ఎదురయ్యే అడ్డులో) సింహభాగం భూమిలో పాతిన పైపు, అంటే ఎలక్ట్రోడ్‌ చుట్టూ కొద్ది మీటర్ల మేర ఉన్న మట్టిదే. కాబట్టి శ్రద్ధ పెట్టవలసింది ఆ మట్టి మీద, పైపు దిగే లోతు మీద.

100 ఓమ్-మీటర్ల రెసిస్టివిటీ (కరెంటును అడ్డుకునే గుణం) ఉన్న నేలలో 40 మి.మీ. వ్యాసం గల పైపును 2.5 మీటర్ల లోతుకు దింపితే లెక్క ప్రకారం సుమారు 33 ఓమ్‌లు వస్తాయి. వ్యాసాన్ని రెట్టింపు చేస్తే అది 29 దగ్గరే ఆగిపోతుంది. పొడవును రెట్టింపు చేస్తే మాత్రం 19కి దిగుతుంది. పైగా లోతుకు వెళ్లేకొద్దీ వేసవిలోనూ ఆరిపోని తడి అందుతుంది.

అయితే తెలంగాణలో చాలాచోట్ల ఎర్రమట్టి కింద కొద్ది అడుగులకే మొరం, దాని కింద గ్రానైట్ తగులుతాయి. అటువంటి చోట లోతు కోసం పట్టుబట్టకుండా రెండు మూడు ఎలక్ట్రోడ్లు పాతి, వాటిని జీఐ (జింకు పూత పూసిన ఇనుము) పట్టీతో కలపాలి. వాటి మధ్య కనీసం ఒక ఎలక్ట్రోడ్ పొడవంత, స్థలముంటే దానికి రెట్టింపు దూరం ఉండాలి. పక్కపక్కనే పాతితే రెండూ ఒకే మట్టి మీద ఆధారపడతాయి కనుక పెట్టిన ఖర్చుకు తగ్గ ఫలితం ఉండదు. రేగడి నేలది మరో సమస్య: తడిగా ఉన్నంతకాలం అది కరెంటును చక్కగా తీసుకుంటుంది గాని, ఎండలకు బీటలు వారి పైపును వదిలేస్తుంది.

గుంతలో ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా వేయడం మన దగ్గర పాత అలవాటు. మొదట్లో రీడింగ్ తగ్గుతుంది, కానీ ఉప్పు వానలకు కొట్టుకుపోతుంది, ఉన్నన్నాళ్లూ జీఐ పైపును తినేస్తుంది. దాని బదులు నీటిని పీల్చి ఉబ్బే బంకమన్ను అయిన బెంటోనైట్‌ను నీళ్లతో చిక్కటి జావలా కలిపి, పైపు చుట్టూ ఖాళీలు మిగలకుండా పోయడం మేలని నా అభిప్రాయం. అదీ పూర్తిగా ఎండితే కుంచించుకుపోతుంది కనుక వేసవిలో గుంతకు నీళ్లు పట్టాలి.

కొలిచేటప్పుడు మెయిన్ ఆపి, ఎర్త్ వైరును పైపు నుంచి విడదీయాలి. ఎర్త్ టెస్టర్ (ఎర్త్ రెసిస్టెన్స్ కొలిచే పరికరం) కరెంటు మేకును పైపు నుంచి 30 మీటర్ల దూరంలో దిగగొట్టి, వోల్టేజీ మేకును అదే వరుసలో సుమారు 18.5 మీటర్ల దగ్గర ఉంచాలి. దాన్ని అటూ ఇటూ రెండేసి మీటర్లు జరిపినా రీడింగ్ దాదాపు మారకపోతేనే ఆ అంకెను నమ్మవచ్చు. ఈ పరీక్ష మే నెలలో చేయాలి, ఎందుకంటే వానాకాలపు రీడింగ్ నేల బాగున్నప్పటి సంగతే చెబుతుంది. కొలత ముగిశాక వైరును తిరిగి బిగించాకే మెయిన్ వేయాలి.

ఇంటి ఎర్తింగ్‌ను 5 ఓమ్‌లకు తెచ్చినా, 230 వోల్టుల దగ్గర నేలలోకి పారేది గరిష్ఠంగా 46 ఆంపియర్లే. దానికి 32 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు పరిమితి మించితే సరఫరా ఆపే స్విచ్) వెంటనే ట్రిప్ కాదు. అందువల్ల ఎర్తింగ్ ఎంత బాగా కుదిరినా నేలలోకి కొద్దిపాటి కరెంటు లీకైనా సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీని తప్పక పెట్టించండి.