జాకెట్ పొటాటో తొక్క కరకరలాడాలంటే

బ్రిటన్‌కి కొత్తగా చదువుకోడానికి వెళ్లిన పిల్లలకి ఒక చిట్కా. డిసెంబరులో సాయంత్రం 4 గంటలకే చీకటి పడుతుంది, వంట చేసే ఓపిక ఉండదు. అలాంటప్పుడు అక్కడివాళ్లు చేసుకునేది జాకెట్ పొటాటో, అంటే తొక్కతోనే ఓవెన్‌లో కాల్చిన పెద్ద బంగాళాదుంప. చవక, కడుపు నిండుతుంది, పైగా చాలామందికి చిన్నప్పటి బడి భోజనం గుర్తొస్తుంది.

మారిస్ పైపర్ గానీ కింగ్ ఎడ్వర్డ్ గానీ, ఈ రకం దుంపలు కొనండి, లోపల పిండిపిండిగా ఉడుకుతాయి. ఉడికినా గట్టిగానే ఉండే సలాడ్ దుంపలు పనికిరావు. కడిగి, తడి లేకుండా తుడిచి, ఫోర్కుతో నాలుగైదు చోట్ల పొడిచి, నూనె, ఉప్పు రుద్ది 200 డిగ్రీల్లో గంటంబావు ఉంచండి. ఫాయిల్ మాత్రం చుట్టొద్దు. ఆవిరి లోపలే నిలిచి తొక్క మెత్తబడిపోతుంది. మొదటిసారి నేను చేసిన ఘనకార్యం అదే! ఆకలి ఆగకపోతే మైక్రోవేవ్‌లో 8 నిమిషాలు, తర్వాత ఓవెన్‌లో 20 నిమిషాలు పెట్టినా చాలు.

తీశాక పైన ప్లస్ గుర్తులా కోసి, గుడ్డతో పట్టుకుని అడుగు నుంచి నొక్కితే పొగలు కక్కుతూ విచ్చుకుంటుంది. ముందు వెన్న, తర్వాత చెడ్డార్ చీజ్ తురుము, దాని మీద వేడివేడి బేక్డ్ బీన్స్ (టమాటా సాస్‌లో ఉండే డబ్బా బీన్స్). చీజ్ కిందుంటేనే బాగా కరుగుతుంది. బీన్స్ సాస్ మన నోటికి కాస్త తియ్యగా తగులుతుంది కాబట్టి వేడి చేసేటప్పుడే చిటికెడు కారం వేసుకోండి.