1971 యుద్ధంలో పోరాడిన పదాతి సైనికుడికి జ్ఞాపికగా కాఫీ మగ్ ఎలా చేయించాలి?

1971 డిసెంబర్ 3న మొదలై 16న ఢాకాలో పాకిస్తాన్ సేనల లొంగుబాటుతో ముగిసిన యుద్ధంలో రైఫిల్ పట్టుకుని కాలినడకన ముందుకు సాగినవాళ్లంతా ఇప్పుడు డెబ్బై దాటిన పెద్దలు. సైనికుల ఊరుగా పేరున్న మిలిటరీ మాధవరంలోనే కాదు, చాలా తెలుగు ఇళ్లలో అలాంటి తాతయ్యో పెదనాన్నో ఉన్నారు. ట్యాంకు బొమ్మ వేసి 'ఇండియన్ ఆర్మీ' అని రాసిన రెడీమేడ్ మగ్ ఆయనకు ఇవ్వకండి. ఆయన ఏ పటాలంలో, ఏ వైపు పోరాడారో ఆ మగ్ మీద కనిపించాలి.

1. ముందు డిశ్చార్జ్ బుక్ (సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు వివరాల పుస్తకం) తీయించండి. 'మద్రాస్ రెజిమెంట్' అన్నంతమాత్రాన సరిపోదు, ఒక్కో రెజిమెంట్‌లో చాలా బెటాలియన్లుంటాయి, అందులో ఎన్నో బెటాలియనో కావాలి. సైనికుడికి బెటాలియనే ఇల్లు. యుద్ధం గురించి ఆయన పెద్దగా మాట్లాడకపోతే పతకాలు చూడండి: పూర్వీ స్టార్ ఉంటే తూర్పున బంగ్లాదేశ్ వైపు, పశ్చిమీ స్టార్ ఉంటే పడమటి సరిహద్దున పనిచేసినట్టు. అప్పటి హోదా రాయాలా, రిటైరైనప్పటి హోదా రాయాలా అన్నది ఆయన్నే అడగండి. సిపాయిగా వెళ్లి ఆనరరీ కెప్టెన్‌గా దిగిన మనిషికి ఆ తేడా చిన్నది కాదు. అమరులైన తోటి సైనికుల పేర్లు వేయాలనుకుంటే ఆయన సరేనన్నాకే వేయండి.

2. బొమ్మ విషయంలో తొందరపడొద్దు. ఇంటర్నెట్‌లో దొరికే సైనికుల బొమ్మల్లో చాలావాటిలో ఇన్సాస్ రైఫిల్, మచ్చల యూనిఫాం ఉంటాయి. ఇన్సాస్ వచ్చింది 1990లలో. 1971లో మన పదాతి దళం చేతిలో ఉన్నది 7.62 ఎంఎం ఎస్ఎల్ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్), ఒంటిమీద ఆలివ్ గ్రీన్. ఆ పొరపాటు ఆయన కంటికి ఇట్టే దొరుకుతుంది. అన్నిటికన్నా మేలు ఆయన పాత ఫొటోయే. ఫోన్‌తో ఫొటో తీయకుండా 600 డీపీఐలో స్కాన్ చేయించండి. నలుపు తెలుపు ఫొటోకు సాఫ్ట్‌వేర్‌తో రంగులు వేయించొద్దు, పతకాల రిబ్బన్ల రంగులు ఊహించి వేసేస్తుంది.

3. అశోకుడి సింహాల గుర్తు వేయించకండి. దాని వాడకంపై 2005 చట్టం ఆంక్షలు పెట్టింది. జెండా మీద అక్షరాలు రాయకూడదని ఫ్లాగ్ కోడ్ చెబుతోంది కాబట్టి త్రివర్ణం మీద పేరు వేసే డిజైన్ కూడా వద్దు.

4. మామూలు 325 మిల్లీలీటర్ల మగ్ మీద ముద్రణకు సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తు దొరుకుతుంది. పిడి కుడిచేత్తో పట్టుకుంటే ఒక వైపు తాగేవారికి, రెండో వైపు ఎదుటివారికి కనిపిస్తుంది. బెటాలియన్ పేరు, 1971 అన్న అంకె ఎదుటివారి వైపు, ఫొటో ఆయన వైపు పెట్టండి. తెలుగు అక్షరాలు పెద్దగా ఉండాలి. ఫైలును పీఎన్‌జీ బొమ్మగా మార్చి ఇవ్వండి. టైప్ చేసిన అక్షరాలు అలాగే పంపితే షాపు కంప్యూటర్‌లో ఒత్తులు విడిపోయి 'యుద్ధం' కాస్తా 'యుద్‌ధం' అయిపోవచ్చు.

5. షాపులో సబ్లిమేషన్ ప్రింటింగ్ అని అడగండి. అద్దంలో ప్రతిబింబంలా తిప్పి ముద్రించిన కాగితాన్ని పూత ఉన్న తెల్ల మగ్‌కు బిగువుగా చుట్టి, దాదాపు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో మూడు నిమిషాలు నొక్కి ఉంచుతారు. కాగితం వదులైతే అంచుల్లో ముఖం మసకబారుతుంది. అందుకే ముందు ఒక్కటే చేయించి, పేరు అక్షరం అక్షరం సరిచూసుకున్నాకే మిగతావి చెప్పండి.

అక్టోబర్ 27 పదాతి దళ దినోత్సవం, డిసెంబర్ 16 విజయ్ దివస్. ఏ రోజుకు ఇవ్వాలనుకున్నా రెండు వారాల ముందే పని మొదలుపెట్టండి. ఇచ్చాక ఇంట్లోవాళ్లకు ఒక మాట చెప్పండి: స్టీలు పీచుతో తోమితే పూత గీసుకుపోతుంది, మెత్తటి స్పాంజి చాలు.